తలకు దెబ్బ తగిలాక మళ్లీ గ్రౌండ్‌కి: కంకషన్ నుంచి కోలుకునే దారి

"స్కాన్ నార్మల్ అంట కదా, ఇంకేంటి నీ బాధ?" అని నన్నడిగినవాళ్లందర్నీ లైన్లో నిలబెడితే విజయవాడ బెంజి సర్కిల్ నుంచి వారధి దాకా వస్తారు. నిజం చెప్పాలంటే ఆ మాట అందరికంటే ముందు అనుకున్నది నేనే.

పోయినేడాది ఒక ఆదివారం పొద్దున, కార్క్ బాల్ మ్యాచ్. గాల్లోకి లేచిన క్యాచ్ కోసం లాంగాన్ నుంచి నేను, మిడ్‌వికెట్ నుంచి మావాడొకడు పరిగెత్తాం, ఇద్దరం "నాదీ" అని అరిచాం, ఇద్దరం ఆగలేదు. వాడి భుజం వచ్చి నా చెవి పైన తగిలింది. స్పృహ తప్పలేదు, రక్తం రాలేదు, కనీసం బొప్పి కూడా కట్టలేదు. మొహం మీద నీళ్లు కొట్టారు, లేచి నిలబడ్డాను, చప్పట్లు కొట్టారు, కాసేపయ్యాక ఐదో నంబర్లో బ్యాటింగ్‌కి కూడా వెళ్లొచ్చాను. ఎలా ఆడానో ఈ రోజుకీ గుర్తు లేదు. స్కోరు బుక్కులో నా పేరు పక్కన తొమ్మిది అని ఉంది, అంతే. మా స్కోరర్, రిటైరైన లెక్కల మాస్టారు, తర్వాత చెప్పారు: ప్యాడ్లు కట్టుకుంటూ స్కోరెంత అని ఆయన్ని మూడుసార్లు అడిగానట, మూడుసార్లూ అప్పుడే మొదటిసారి అడుగుతున్నట్టు.

దాన్నుంచి మామూలు మనిషిని కావడానికి నాకు ఐదు వారాలు పట్టింది. ఆ తర్వాత కొన్నాళ్లకే గుంటూరులో ఇంటర్ చదివే మా అన్నయ్య కొడుక్కి కబడ్డీలో ఇదే జరిగింది. వాణ్ని మాత్రం ఆ నిమిషంలోనే బయటికి లాగేశారు, ఒక్కో మెట్టూ ఎక్కించాం, పద్దెనిమిదో రోజుకి మ్యాచ్ ఆడాడు. నేను డాక్టర్ని కాదు. రెండుసార్లు ఈ దారిలో నడిచి, డాక్టర్లని ప్రశ్నలతో విసిగించి, దొరికిందల్లా చదివి తెలుసుకున్నది రాస్తున్నాను. మిమ్మల్ని చూసిన డాక్టర్ గారు చెప్పినదానికీ నేను రాసినదానికీ తేడా వస్తే ఆయన మాటే వినండి.

స్కాన్‌లో కనపడని దెబ్బ

మెదడు పుర్రెలో బిగించి ఉండదు, ద్రవంలో తేలుతూ ఉంటుంది. తలకి తగిలినా, ఒక్కోసారి ఛాతీకో భుజానికో తగిలి తల జెర్కు కొట్టినా, అది లోపల ఊగుతుంది, మెలిపడుతుంది. దానివల్ల కొన్నాళ్లు మెదడు పని తడబడటాన్నే కంకషన్ అంటారు. అప్పుడు నరాల కణాల్లో ఉండాల్సిన పొటాషియం బయటికి, బయట ఉండాల్సిన కాల్షియం లోపలికి పోతాయి. వాటిని మళ్లీ సర్దుకోవడానికి మెదడుకి మామూలుకంటే ఎక్కువ శక్తి కావాలి, సరిగ్గా అప్పుడే రక్తప్రసరణ తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి ఇల్లంతా ఇన్వర్టర్ మీద నడుస్తోంది అనుకోండి. ఒక ఫ్యాను, రెండు లైట్లు వేసుకుంటే సాయంత్రం దాకా లాగుతుంది. దాని మీదే ఫ్రిజ్, మిక్సీ, ఐరన్ బాక్సు అన్నీ పెడితే కుయ్‌మని అరిచి ఆగిపోతుంది.

సీటీ స్కాన్ చూసేది రక్తస్రావం ఉందా, ఎముక విరిగిందా అని. అవి లేవంటే అది చిన్న సంగతి కాదు, దేవుడికి దండం పెట్టుకోవచ్చు. కానీ అది వైరింగ్ కాలలేదని మాత్రమే చెప్తుంది, బ్యాటరీలో ఛార్జింగ్ ఎంతుందో చెప్పదు. ఆ తేడా తెలియకే నేను మూడో రోజు ఆఫీసుకి వెళ్లి, ఎక్సెల్ షీటులో ఒకే వరసని ఏడెనిమిదిసార్లు చదివి, మధ్యాహ్నానికి బాత్రూంలో వాంతి చేసుకున్నాను.

చాలామందికి కంకషన్‌లో స్పృహ తప్పదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, వెలుతురూ శబ్దమూ పడకపోవడం, తల దిమ్ముగా ఉండటం, నోటిదాకా వచ్చిన మాట బయటికి రాకపోవడం, ఊరికే చిరాకు, ఊరికే ఏడుపు, నిద్ర ఎక్కువవడమో అసలు పట్టకపోవడమో. ఇవన్నీ ఒక్కళ్లకే ఉండవు, అన్నీ వెంటనే రావు కూడా. 2019లో లార్డ్స్‌లో ఇంగ్లండ్ బౌలర్ జోఫ్రా ఆర్చర్ బంతి మెడ దగ్గర తగిలాక ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్ లేచాడు, బయటికెళ్లి మళ్లీ వచ్చి బ్యాటింగ్ చేశాడు, 92 దగ్గర అవుటయ్యాడు. మర్నాడు పొద్దున తలనొప్పి, మత్తు. ఆ మ్యాచ్‌లో మిగిలిన ఆటే కాదు, తర్వాతి టెస్టు కూడా ఆడలేకపోయాడు. అంత పెద్ద జట్టు, పక్కనే డాక్టర్లు, అయినా రాత్రి గడిచాక గానీ బయటపడలేదు. మన ఆదివారం మ్యాచుల్లో పక్కన ఉండేది మజ్జిగ ప్యాకెట్లు తెచ్చే కుర్రాడు.

గ్రౌండ్‌లో మొదటి పది నిమిషాలు

అనుమానం వస్తే బయటికి. ఆ రోజు మళ్లీ లోపలికి రాకూడదు, ఫైనలైనా సరే, "బానే ఉన్నా బావా" అని వాడు ఎన్నిసార్లు అన్నా సరే. ఎందుకంటే బాగున్నానో లేదో తేల్చుకోవాల్సిన మెదడుకే దెబ్బ తగిలింది. దెబ్బ తగిలాక కూడా ఆడినవాళ్లకి కోలుకోవడం ఆలస్యమవుతుందని తేలింది, నా ఐదు వారాల్లో ఆ తొమ్మిది పరుగుల వాటా ఎంతో ఉంటుందని డాక్టర్ గారు కూడా అన్నారు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే, అరుదుగానే, ముఖ్యంగా కుర్రవాళ్లలో, మెదడు ఒక్కసారిగా వాచి ప్రాణం పోతుంది.

మనవాళ్లు అడిగే ప్రశ్నలు రెండే: నీ పేరేంటి, ఇవి ఎన్ని వేళ్లు. కంకషన్ అయినవాడు పేరు హాయిగా చెప్తాడు, వేళ్లూ లెక్కపెడతాడు. అడగాల్సింది ఈమధ్య జరిగినవి. మనం ఏ గ్రౌండ్‌లో ఉన్నాం? ఇది ఎన్నో ఇన్నింగ్స్? చివరగా అవుటైంది ఎవరు? పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాం, గెలిచామా? కబడ్డీ అయితే చివరి రైడ్‌కి ఎవరు వెళ్లారో అడగండి. వీటిలో ఒక్కటి తడబడినా సంగతి తేలిపోయినట్టే. అన్నీ కరెక్టుగా చెప్పాడని మాత్రం వెనక్కి పంపకండి, తలనొప్పో కళ్లు తిరగడమో ఒక్కటున్నా చాలు బయట కూర్చోబెట్టడానికి.

మెడ నొప్పి అంటున్నా, స్పృహ లేకుండా పడి ఉన్నా కదిలించకండి. నలుగురు కాళ్లూ చేతులూ పట్టుకుని ఎత్తుకెళ్లి ఆటోలో వేయడం మనకి అలవాటు, అక్కడే మెడ ఎముకకి ఏదైనా అయి ఉంటే పనైపోతుంది. ఊపిరి ఆడుతోందా చూస్తూ 108కి ఫోన్ చేసి ఆగండి. హెల్మెట్ పీకకండి. నీళ్లు తాగించకండి.

ఇవి కనిపిస్తే మాత్రం రేపు చూద్దాం అనేది లేదు, ఆ క్షణమే న్యూరోసర్జన్ ఉండే ఎమర్జెన్సీకి, విజయవాడ, గుంటూరు పెద్దాసుపత్రులో, మంగళగిరి ఎయిమ్సో, దగ్గర్లో ఉన్న పెద్ద ప్రైవేటుదో: తలనొప్పి గంట గంటకీ పెరగడం, వాంతి మళ్లీ మళ్లీ అవడం, ఫిట్స్, లేపితే లేవనంత మగత, మాట ముద్దగా రావడం, చెయ్యో కాలో పట్టు తప్పడం లేదా తిమ్మిరెక్కడం, ఒకటి రెండుగా కనపడటం, ఒక కంటి పాప పెద్దదిగా ఇంకోటి చిన్నదిగా ఉండటం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటిదో రక్తమో కారడం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం, ఉన్నట్టుండి కొట్లాటకి రావడం. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు ఇవేవీ లేకపోయినా వెళ్లాలి. 1998లో ఢాకాలో హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో నిలబడ్డ మన మాజీ క్రికెటర్ రమణ్ లాంబా తలకి బంతి తగిలాక తన కాళ్ల మీదే నడుచుకుంటూ బయటికి వెళ్లాడు. లోపల రక్తస్రావమై మూడు రోజులకి చనిపోయాడు. నడుస్తున్నాడు కదా అనే మాటకి విలువ అంతే.

పెద్ద క్రికెట్ కూడా ఇది ఆలస్యంగానే నేర్చుకుంది. 2019 ఆగస్టు నుంచి ఐసీసీ కంకషన్ అయినవాడి బదులు ఇంకొకణ్ని ఆడనిస్తోంది, స్మిత్ బదులు లబుషేన్ వచ్చింది ఆ రూలుతోనే. 2020 డిసెంబరులో కాన్‌బెర్రా టీ20లో జడేజా హెల్మెట్‌కి బంతి తగిలితే బదులుగా వచ్చిన చాహల్ మూడు వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ కొట్టుకుపోయాడు, ఆస్ట్రేలియా వాళ్లు గొడవ గొడవ చేశారు. మీ టోర్నమెంట్ కమిటీ వాళ్లని ఈ రూలు పెట్టమని అడగండి. పన్నెండో వాడు బ్యాటింగ్ కూడా చేయొచ్చంటే దెబ్బ తగిలినవాడు దాచుకోవాల్సిన పని తగ్గుతుంది.

ఆ రాత్రి

ఒక్కళ్లే ఉండకూడదు. రూములో ఉండే బ్యాచిలర్స్ అయితే ఫ్రెండుని పిలిపించుకోండి, లేదా ఇంటికెళ్లిపోండి, బండి మీద మాత్రం కాదు. కనీసం ఒక రోజు బండి, కారు ముట్టుకోవద్దు, కళ్లు తిరగడం తగ్గేదాకా అసలే వద్దు.

మా అమ్మ ఆ రాత్రి నన్ను పడుకోనివ్వలేదు. తలకి దెబ్బ తగిలినవాడు పడుకుంటే ఇక లేవడని ఆవిడ భయం, పాపం గంటకోసారి భుజం తట్టి "నాన్నా, లేచావా" అని లేపింది, తెల్లారేసరికి దెబ్బకంటే నిద్రలేమితోనే తల పగిలిపోయింది. డాక్టర్ చూసి, ప్రమాద లక్షణాలేవీ లేవని ఇంటికి పంపితే పడుకోవచ్చు, పడుకోవాలి కూడా. మధ్యలో లేపి చూడమని డాక్టర్ ప్రత్యేకంగా చెప్తే అప్పుడు చూడండి. దిష్టి తీయడం అంటారా, తీయించుకోండి, ఎవరికీ నష్టం లేదు.

నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే, డాక్టర్ చెప్పిన మోతాదులో. మెడికల్ షాపుకెళ్లి "తలనొప్పికి గట్టిది ఇవ్వండి" అని అడిగితే ఎసిక్లోఫెనాక్ కలిపినదో ఐబుప్రోఫెన్ కలిపినదో చేతిలో పెడతారు. మొదటి రెండు రోజులు వాటితోనూ ఆస్పిరిన్‌తోనూ రక్తస్రావం పెరిగే భయం ఉంది, అట్ట తిప్పి పేరు చదువుకోండి. మద్యం వద్దు, నిద్రమాత్రలు వద్దు. ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు: పట్టేసినట్టుంది కదా అని సెలూన్‌లో మెడ విరిపించుకోకండి. నేను ఐదో రోజు కటింగ్‌కి వెళ్తే అతను అలవాటుగా రెండు చేతులూ గడ్డం కిందికి తెచ్చాడు, కుర్చీలోంచి లేచిపోయాను.

మొదటి రెండు రోజులు

ఇక్కడ రెండు రకాల తప్పులు జరుగుతాయి. ఒకటి నాలాంటి వీరుడిది. రెండోది కిటికీలు మూసి, కర్టెన్లు వేసి, వారాల తరబడి చీకటి గదిలో పడుకోబెట్టడం. ఒకప్పుడు డాక్టర్లు కూడా అలాగే చెప్పేవాళ్లు, ఇప్పుడు చెప్పడం లేదు. ఆటల్లో తలదెబ్బల మీద ప్రపంచంలోని నిపుణులు కొన్నేళ్లకోసారి కూర్చుని మాట్లాడుకుంటారు, 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చున్నారు, 2023లో వాళ్ల నిర్ణయాలు అచ్చయ్యాయి. దాని ప్రకారం 24 నుంచి 48 గంటలు మోస్తరు విశ్రాంతి, అంటే ఇంట్లో అటూ ఇటూ తిరగడం, స్నానం, భోజనం, కాసేపు నడక, అన్నీ చేసుకోవచ్చు. ఆ తర్వాత కూడా మంచం దిగకపోతే కోలుకోవడం ఆలస్యమవుతుంది.

ఫోన్ సంగతి. అమెరికాలో 12 నుంచి 25 ఏళ్ల వాళ్లని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుని మొదటి 48 గంటలు స్క్రీన్ చూడొద్దన్నారు, రెండో గుంపుని చూడనిచ్చారు. 2021లో వచ్చిన ఆ ఫలితంలో చూడనివాళ్లకి లక్షణాలు మధ్యస్థంగా మూడున్నర రోజులు ఉంటే, చూసినవాళ్లకి ఎనిమిది రోజులు ఉన్నాయి. రెండు రోజులు ఫోన్ అమ్మకి ఇచ్చేయండి. మా టీమ్ గ్రూపులో నేను గుద్దుకున్న వీడియో పెట్టి వెనక పాట కూడా వేశారు, దాన్ని నేనే ఓ ఇరవైసార్లు చూసుంటాను, చూసినప్పుడల్లా ఇన్వర్టర్ కుయ్‌మనేది.

మనకి ఇంకో ప్రత్యేకమైన సమస్య పరామర్శ. మంచి మనసుతోనే వస్తారు, ఆపిల్సూ హార్లిక్సూ తెస్తారు, ఆరుగురు ఒకేసారి మాట్లాడతారు, టీవీలో సీరియల్ నడుస్తుంటుంది, వీధిలో హారన్లు. శబ్దం పడని మనిషికి అది నరకం. ఇంట్లో ఒకళ్లు బాధ్యత తీసుకుని గుమ్మం దగ్గరే "నిద్రపోతున్నాడండీ" అనేయాలి, మా ఆవిడ ఆ అబద్ధం ఎంత బాగా చెప్పిందంటే మా పెదనాన్న ఇప్పటికీ నేను వారం రోజులు ఏకధాటిగా నిద్రపోయాననే అనుకుంటున్నారు. ఎండాకాలం అయితే నీళ్లు, మజ్జిగ బాగా తాగండి. మన ఎండకి దెబ్బ తగలనివాడికే తల పగిలిపోతుంది, ఏది దేనివల్లో తెలియక బెంగ పడతారు. టైముకి తినండి, టైముకి పడుకోండి.

మూడో రోజు నుంచి నడక, లెక్క చూసుకుంటూ

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. రోజూ పొద్దున, సాయంత్రం మీకున్న ఇబ్బందికి సున్నా నుంచి పదిలోపు ఒక అంకె వేయండి. పని మొదలుపెట్టే ముందు మూడు ఉందనుకోండి. నడిచాక అయిదు దాకా వెళ్లి గంటలోపు మళ్లీ మూడుకి దిగితే ఏం పర్లేదు, కొనసాగించొచ్చు. అంటే రెండు పాయింట్లలోపు, గంటలోపు. అది దాటితే ఆ రోజుకి ఆపేసి, మర్నాడు కాస్త తగ్గించి మొదలుపెట్టాలి. లక్షణాలు పూర్తిగా పోయాకే లేవాలి అనుకోవడం పాత లెక్క, కొంచెం ఉన్నా నడవచ్చు, నడకే మందు.

మొదట పది, పదిహేను నిమిషాలు. విజయవాడలో బందరు రోడ్డు మీద నడవకండి, ఆ హారన్లకి నాకు మొదటి రోజే మూడు నుంచి ఏడుకి వెళ్లింది. కాలనీ లోపలి వీధులో, పార్కో, పొద్దున ఆరింటికో. మా అన్నయ్య కొడుకు గుంటూరులో ఎన్టీఆర్ స్టేడియంలో వాకింగ్ చేసే పెద్దవాళ్ల వెనక నడిచాడు, వాళ్లు దాటిపోతుంటే వాడికి అవమానంగా ఉండేదట. తర్వాత గుండె వేగం లెక్క: 220లోంచి మీ వయసు తీసేయండి, వచ్చినదాంట్లో 55 శాతం దాటకుండా తేలికపాటి వ్యాయామం, అది పడితే 70 శాతం దాకా. పదిహేడేళ్లవాడికి 203, అంటే మొదట 112 లోపు, తర్వాత 142 లోపు. నాకు ముప్ఫై ఆరు, నా లెక్క 101, 129. చేతికి వాచ్ లేకపోతే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. జిమ్‌లో కదలని సైకిల్ అన్నిటికంటే మంచిది, తల ఊగదు. బరువులు తర్వాత.

ముందు క్లాసు, తర్వాత కబడ్డీ

మన దగ్గర అసలు కష్టం ఆట దగ్గర కాదు, చదువు దగ్గర వస్తుంది. హాస్టల్లో ఉండే ఇంటర్ పిల్లాడికి తెల్లవారుజామున లేచింది మొదలు రాత్రి దాకా క్లాసు, స్టడీ అవరు, వీకెండ్ టెస్టు. కంకషన్ అయిన మెదడుకి ఇవి సిక్స్ ప్యాక్ వర్కవుట్ లాంటివి. పైగా కట్టు ఉండదు, పిండికట్టు ఉండదు, "నాటకాలు" అనేస్తారు.

డాక్టర్ దగ్గర ఒక ఉత్తరం రాయించుకోండి, మామూలుగా "రెస్ట్ అవసరం" అని కాదు, ఏమేం కావాలో విడివిడిగా: వారం, పది రోజులు పూట క్లాసులు, ప్రతి ముప్పావుగంటకీ పది నిమిషాల విరామం, టెస్టులు వాయిదా, నోట్సు పక్కవాడి దగ్గర జిరాక్సు, రాత్రి ఎనిమిది గంటల నిద్ర, పీటీ పీరియడ్ బంద్. మా అన్నయ్య ఆ ఉత్తరం పట్టుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి స్వయంగా వెళ్లాడు. ఫోన్లో మాట్లాడితే పని జరగదు, ఎదురుగా కూర్చుంటే జరుగుతుంది. కుదిరితే మొదటి వారం ఇంటికి తెచ్చేసుకోవడమే మేలు, డార్మిటరీలో రాత్రి పన్నెండు దాకా లైట్లు ఆరవు. ఇంట్లో ఇరవై నిమిషాలు చదవగలిగితే, తర్వాత నలభై, అది పడితే పూట కాలేజీ, తర్వాత రోజంతా. పూర్తి క్లాసులు, టెస్టులు ఇబ్బంది లేకుండా చేసుకుంటున్నాడు అన్నాకే ఒళ్లు తగిలే ఆటలోకి. ఆఫీసువాళ్లకీ ఇదే లెక్క, మూడో రోజే మంత్ ఎండ్ పెట్టుకుని కూర్చోవద్దు.

కోపం గురించి ఒక మాట. రెండో వారంలో నేను మా ఆవిడ మీద చట్నీలో ఉప్పు తక్కువైందని ప్లేటు విసిరేశాను. అలాంటి మనిషిని కాను, లేదా కాననే అనుకునేవాణ్ని. చిరాకు, దిగులు ఈ దెబ్బ లక్షణాలే, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచండి, డాక్టర్‌కి కూడా దాచకుండా చెప్పండి. ఆట పోయిన కుర్రాడు మరీ ముడుచుకుపోతాడు, టీమ్ వాళ్లు వచ్చి బౌండరీ దగ్గర కూర్చోబెట్టుకున్నా చాలు. దిగులు తగ్గకపోయినా, చచ్చిపోవాలనే ఆలోచన వచ్చినా 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వ టెలీమానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

గ్రౌండ్‌లోకి, ఒక్కో మెట్టు

నడక, తేలిక వ్యాయామం దాటాక మూడో మెట్టు ఒంటరిగా చేసే ఆట పని. కబడ్డీలో అయితే ఒక్కడే కోర్టులో ఫుట్‌వర్క్, కూత పెట్టుకుంటూ అటూ ఇటూ. క్రికెట్లో పరుగు, షాడో బ్యాటింగ్. తలకి ఏదీ తగిలే అవకాశం ఉండకూడదు. ఇక్కడ ఆగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. లక్షణాలు పూర్తిగా, కష్టపడి పరిగెత్తినా రానంతగా పోయాయని ఆయన చూసి సరే అన్నాకే నాలుగో మెట్టు: టీమ్‌తో ప్రాక్టీసు, కానీ పట్లు లేకుండా, క్రికెట్లో అయితే తేలిక బంతితో నెట్స్, క్యాచింగ్. అయిదోది పూర్తి ప్రాక్టీసు, పట్టుకి పట్టు, బంతికి బంతి. ఆరోది మ్యాచ్. ఒక్కో మెట్టుకీ తక్కువలో తక్కువ ఒక పూర్తి రోజు, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి ఎక్కేయకూడదు. నాలుగు, అయిదు, ఆరు మెట్లలో ఎక్కడ తలనొప్పి తిరిగొచ్చినా మూడో మెట్టుకి దిగాలి.

అయిదో మెట్టుని అందరూ ఎగ్గొడతారు. ఎగ్గొట్టకండి. తల బాగుపడ్డా భయం పోదు, పట్టుకి వెళ్లేటప్పుడు అర సెకను వెనకాడినవాడికే మళ్లీ దెబ్బ తగులుతుంది. మా వాడు మొదటి పట్టుకి కళ్లు మూసుకున్నాడని వాళ్ల సారే గమనించి ఇంకో రెండు రోజులు అక్కడే ఉంచారు.

వాడికి సంక్రాంతి టోర్నమెంటు ఉండింది, ప్రైజ్ మనీ కూడా బాగానే. "బాబాయ్, సెమీస్‌కి ఇంకా నాలుగు రోజులుంది, ఒక్క మెట్టు ఎగిరితే ఆడేస్తా" అని ఫోన్ చేశాడు. నా స్కోరు బుక్కు ఫోటో వాట్సాప్ చేశాను. కాసేపు తిట్టుకుని ఉంటాడు. టోర్నమెంటు పోయింది, టీమ్ సెమీస్‌లో ఓడింది, వాడివల్లే ఓడామని ఇప్పటికీ ఇద్దరు ముగ్గురు అంటారు.

పెద్దవాళ్లలో చాలామందికి రెండు వారాల్లో, పిల్లలకి నెలలోపు సర్దుకుంటుంది. నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే భయపడక్కర్లేదు, కానీ ఊరికే కూర్చోకూడదు కూడా. ఏది మిగిలిందో దాన్ని బట్టి వెళ్లాలి. నాకు మిగిలింది మంచం మీద పక్కకి తిరిగితే గది గిర్రున తిరగడం. అది మెదడులో కాదట, దెబ్బకి లోపలి చెవిలో ఉండే సన్న రేణువులు చోటు తప్పాయట. తలని ఒక పద్ధతిలో అటూ ఇటూ తిప్పి రెండు సిట్టింగుల్లో సరిచేశారు, మూడు వారాలు దానికోసం మాత్రలు మింగాను ముందు. మెడ నుంచి వచ్చే తలనొప్పికి, తూలుడికి ఫిజియోథెరపీ బాగా పనిచేస్తుంది, తలదెబ్బ కేసులు చూసిన ఫిజియోని అడిగి పట్టుకోండి. పాత మైగ్రేన్ ఉన్నవాళ్లకీ, ఇంతకుముందు కంకషన్లు అయినవాళ్లకీ ఆలస్యమవుతుంది, ఆ సంగతి డాక్టర్‌కి మొదటి రోజే చెప్పాలి. రోజూ నొప్పి మాత్ర వేసుకుంటూ పోతే ఆ మాత్రే తలనొప్పి తెస్తుంది.

హెల్మెట్ పుర్రె పగలకుండా ఆపుతుంది, లోపల మెదడు ఊగడాన్ని పూర్తిగా ఆపలేదు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా లోపలి ఫోమ్ పోయి ఉంటుంది, పారేయండి, తమ్ముడికి ఇవ్వకండి.

మా టీమ్‌లో ఇప్పుడు ఒక రూలుంది. తలకి దెబ్బ తగిలితే ఆడాలా వద్దా అనేది ఆడేవాడూ చెప్పడు, కెప్టెనూ చెప్పడు, స్కోరర్ మాస్టారు చెప్తారు. ఆయనకి ఎవరు గెలిచినా ఒకటే. స్కోరు బుక్కు వెనక అట్ట మీద ఆ అయిదు ప్రశ్నలూ, 108, టీమ్‌లో అందరి ఇళ్ల ఫోన్ నంబర్లూ ఆయన చేతిరాతతోనే ఉంటాయి. పోయిన నెల ఒక కుర్రాడు బౌన్సర్ తగిలాక "మాస్టారూ, స్కోరెంత?" అని రెండోసారి అడిగాడు. ఆయన పెన్ను మూసేసి, లేచి, అంపైర్ వైపు చెయ్యెత్తారు.